అవ్వ కాపలా కాసిన పేజీ

పోయిన ఆదివారం మా అమ్మ అటక దులిపించి, పాత సామాన్లు తీసుకుపోయే మనిషిని పిలిచింది. చిల్లుపడ్డ బిందెలు, తుప్పు పట్టిన ఇస్త్రీ పెట్టె, చేయి విరిగిన కుర్చీ, వాటితో పాటు నా పాత కంప్యూటర్ పెట్టె కూడా కిందికి దిగాయి. అతను దాన్ని భుజానికెత్తుకోబోయి, ముందు వైపు ఎండి అట్టకట్టిన పసుపూ కుంకుమా చూసి, దీనికేమన్నా సీమంతం చేసినారా పాపా అని అరవంలో అడిగి నవ్వాడు. నేనూ నవ్వి ఊరుకున్నాను. అలాంటి ప్రశ్నలకు అప్పటికప్పుడు జవాబు చెప్పడం నాకు చేతకాదు. చెప్పాల్సిన మాట సాయంత్రానికి గానీ నోటికి రాదు, అప్పటికి అడిగినవాళ్ళు వెళ్ళిపోయి ఉంటారు. చిన్నప్పటి నుంచీ డైరీ రాసుకోవడం నాకు అందుకే అలవాటైంది. ఈ జవాబు కూడా అలా ఆలస్యంగా రాస్తున్నదే.

ఇది పదేళ్ళ కిందటి మాట. అప్పట్లో సొంతంగా ఒక వెబ్‌సైటు పెట్టుకోవడం అంటే మనలాంటి వాళ్ళకు ఎంత సంబరమో మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఎవరూ లైకులు కొట్టరు, ఎవరూ ఎవరి వెంటా పడరు. ఒక తెల్ల పేజీ, దాని మీద మన రాత, అడుగున ఇవాళ ఎంతమంది వచ్చిపోయారో చెప్పే చిన్న అంకె. నేను కాలేజీ చివరి ఏడాదిలో, నాన్న పనిచేసే హార్బరు ఆఫీసులో పక్కన పడేసిన కంప్యూటర్‌ను బాగుచేసుకుని దాంట్లో నా వెబ్‌సైటు పెట్టుకున్నాను. దాంట్లో అని మాటవరసకు అనడం లేదు. అది నిజంగా చెన్నై తొండియార్‌పేటలో మా అద్దె ఇంట్లో, నేను పడుకునే మంచం కింద ఉండేది. బయట ఏదో ఒక కంపెనీ యంత్రంలో చోటు తీసుకోవచ్చునని నాకూ తెలుసు. కానీ నా రాతలు మా ఇంట్లోనే, నా తల కిందే ఉండాలని ఒక పిచ్చి. ఎవరు ఏ ఊరి నుంచి నా పేజీ తెరిచినా, ఆ క్షణంలో వాళ్ళు మా ఫోను తీగ వెంట మా గదిలోకి వచ్చి, మంచం పక్కన కూర్చుని చదువుకుని, చప్పుడు చేయకుండా వెళ్ళిపోతున్నట్టు ఉండేది. నలుగురిలో నోరు విప్పలేని నాకు, మనుషులను ఇంటికి పిలుచుకోవడానికి అంతకన్నా మంచి దారి దొరకలేదు.

రోజుకు పది పన్నెండు మంది వచ్చేవాళ్ళు. నేను రాసేదీ గొప్ప సంగతులు కాదు. మైలాపూరులో ఒక చిన్న డీటీపీ సెంటర్లో తెలుగు పెళ్ళి కార్డులూ బడి గైడులూ టైపు చేసే ఉద్యోగం నాది. బీచ్ స్టేషన్ దాకా బస్సు, అక్కడి నుంచి రైలు. రైల్లో నా ఎదుట కూర్చున్నామె పూలు కడుతూ దారం పళ్ళతో తెంపిన తీరు, లైబ్రరీ పుస్తకంలో నాకన్నా ముందు చదివినవాళ్ళు పెన్సిలుతో గీసిన గీత, అమ్మ ఆ పొద్దు చేసిన చేపల పులుసు, ఇలాంటివి. ముందు నోటుబుక్కులో రాసుకుని, ఇంటికి వచ్చాక అందులో నలుగురికి చూపించదగ్గది ఏరి పేజీలో పెట్టేదాన్ని. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆఫీసు పని ఇంటికి తెచ్చుకుంటుందని అమ్మా నాన్నా అనుకునేవాళ్ళు.

తెలిసిందల్లా కొంచెం మా అవ్వకు. నాన్నకు అమ్మ. చదువు లేదు, తెలుగు అక్షరమూ అరవ అక్షరమూ ఆమెకు ఒకటే. కానీ ఆ వెబ్‌సైటును నడిపింది ఆమే అంటే అబద్ధం కాదు. నేను పొద్దున ఎనిమిదికి వెళ్తే రాత్రి ఏడుకు వచ్చేదాన్ని. ఈలోగా కరెంటు పోతే యూపీయస్ కుయ్ కుయ్‌మని ఏడుస్తుంది, అయిదు నిమిషాలకు దాని బ్యాటరీ అయిపోతుంది, కంప్యూటర్ ఆరిపోతుంది. కరెంటు వచ్చాక ఎవరో ఒకరు దాన్ని మళ్ళీ వేయాలి. అందుకని అవ్వకు నేర్పించాను. కరెంటు వచ్చినాక పది అంకెలు లెక్కపెట్టు, ఈ మీట ఒక్కసారి నొక్కు, పచ్చలైటు వెలిగిందో లేదో చూడు అని. ఎందుకే ఇదంతా అని అడిగితే, దీంట్లోకి నన్ను చూసేదానికి మనుషులు వచ్చిపోతుంటారు అవ్వా, లైటు ఆరిపోతే వాళ్ళకు దారి ఉండదు అన్నాను. ఆ రోజు నుంచి ఆమె పక్కింటికి వెళ్ళినా, వెళ్ళే ముందు వంగి ఒకసారి, వచ్చాక ఒకసారి మంచం కిందికి తొంగిచూసేది.

వచ్చినవాళ్ళు నాలుగు మాటలు రాసిపోయేందుకు వెబ్‌సైటులో ఒక పేజీ పెట్టాను. అందులో వారం వారం తప్పకుండా రాసే ఆమె ఒకరుండేవారు. పేరు రాయరు, కింద ఒక అక్క అని ఉంటుంది. గోదావరి వైపు నుంచి వయసులో ఉండగా చెన్నైకి వచ్చి, సినిమాల్లో గుంపు గొంతులు చెప్తూ ఇక్కడే ఉండిపోయిన మనిషి. పెళ్ళి సీనులో వెనకాల వినబడే ఆడవాళ్ళ మాటలు, సంతలో బేరాలు, ఎవరో చచ్చిపోతే ఏడ్చే పది గొంతుల్లో ఒక గొంతు. నా గొంతు వినని తెలుగువాడు లేడు, గుర్తుపట్టేవాడూ లేడు అని ఒకసారి రాశారు. ఆ మాట నేను నోటుబుక్కులో కూడా రాసి పెట్టుకున్నాను.

ఒక రోజు ఆ అక్క రాశారు. గొంతులో గడ్డ ఉందట, ఆపరేషన్ చేయాలట, ఆ తర్వాత పదిహేను రోజులు పెదవి కదపకూడదట. మాట్లాడి బతికేదాన్ని, పదిహేను రోజులు నోరు మూసుకుని గోడ చూస్తూ పడుకోవాలంటే దిగులుగా ఉంది, నువ్వు ఆ రోజుల్లో రోజూ ఏదో ఒకటి రాయి తల్లీ, అమ్మాయి ఫోనులో చదువుకుంటాను, ఎవరో పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది అని. రాస్తాను అక్కా, ఒక్కరోజు కూడా తప్పను అని జవాబు పెట్టాను. కొత్త మనిషికి మాట ఇవ్వడం నా జీవితంలో అదే మొదలు.

సరిగ్గా ఆ వారమే మేము ఇల్లు మారాల్సి వచ్చింది. ఇంటాయన పాతిల్లు పడగొట్టి కొత్తది కట్టుకుంటానన్నాడు. మాధవరంలో, పాల కాలనీకి దగ్గరగా ఒక ఇల్లు దొరికింది. మేము తెలుగువాళ్ళమైనా మూడు తరాలుగా ఇక్కడి కాలెండరే మా కాలెండరు. ఆడి నెల పుడితే ఎవరూ ఇల్లు మారరు. కాబట్టి ఆడి రాకముందే ఒక మంచిరోజు కొత్తింట్లో పాలు పొంగించి, దీపం పెట్టేస్తే, మిగిలిన సామాను తర్వాత మెల్లగా చేర్చుకోవచ్చు, ప్రవేశం అయిపోయినట్టే. ఆ మంచిరోజు గురువారం అయింది. అక్కకు ఆపరేషన్ శుక్రవారం.

కొత్తింటికి ఇంటర్నెట్ తీగ రావడానికి పదిహేను రోజులు పడుతుందన్నారు. పాతింటి తీగ నెలాఖరు దాకా ఉంటుంది. నేను లెక్క వేసుకున్నాను. కంప్యూటర్ పాతింట్లోనే ఉంటుంది, ఆఫీసు నుంచి నేరుగా అక్కడికి వచ్చి రాసి, మాధవరం వెళ్ళి పడుకుంటాను, తీగ వచ్చిన రోజు దాన్ని తీసుకెళ్తాను. అంతా బాగానే ఆలోచించాను. ఆ ఆలోచన ఎవరికీ చెప్పలేదు, అంతే నేను చేసిన తప్పు.

గురువారం తెల్లవారి నేనూ అమ్మా నాన్నా ముందుగా వెళ్ళి ఇల్లు కడిగి ముగ్గు వేశాము. మొదటి సామానుగా వెళ్ళాల్సిన ఉప్పు, పసుపు, చింతపండు, బియ్యం, దేవుడి పటాలు పెద్దదిక్కు చేతి మీదుగా రావాలని అవ్వ ఆటోలో వెనక వచ్చింది. ఆటో ఆగింది. అవ్వ కాళ్ళ దగ్గర బియ్యం సంచీ, పక్కన పటాలు, ఒడిలో కొత్త తువాలు చుట్టిన పెద్ద మూట. దింపుకుందామని చేయి వేస్తే గట్టిగా, చల్లగా తగిలింది. తువాలు తీస్తే నా కంప్యూటర్, నుదుటన పసుపూ కుంకుమా.

“ఆర్పకుండా తేవాలని చూస్తినే. తీగ పీకేసరికి ఆరిపోయె,” అంది అవ్వ నొచ్చుకుంటూ. “సీక్కిరం తగిలించు పాపా. పాలు పొంగేలోపల ఈడ వెలగల్ల.”

నాకు అప్పటికి అర్థమైంది. పాతింట్లో ఎప్పుడూ ఆరకుండా వెలిగే వస్తువు అదొక్కటే. నేను ఆరనివ్వనిది, ఆమె ఆరనివ్వనిది. కొత్తింటికి దీపం ముందు వెళ్ళాలి గనుక ఆమె దాన్ని దేవుడి దీపం పక్కన పెట్టి తెచ్చింది. ఆమె లెక్కలో అంతకన్నా సరైన పని లేదు. తగిలించాను. పచ్చలైటు వెలిగింది. అవ్వ ముఖమూ వెలిగింది. పాలు పొంగాయి, అమ్మ అందరికీ తలా కొంచెం పోసింది. లైటు వెలుగుతోంది గానీ ఆ లైటులోకి వచ్చే దారి లేదని నాకొక్కదానికే తెలుసు. నా గ్లాసు అలాగే పక్కన పెట్టేశాను.

మధ్యాహ్నం భోజనాల దాకా లోపల్లోపలే నలిగిపోయాను. చెప్పాలంటే మొత్తం చెప్పాలి. ఇన్నేళ్ళు దాచుకున్న రాతల సంగతి, రోజూ మా ఇంటి సంగతులు ముక్కూ మొహం తెలియనివాళ్ళు చదువుతున్న సంగతి. చెప్పకపోతే రేపు పొద్దున ఆ అక్క ఆపరేషన్ గదిలోకి వెళ్ళే ముందు ఫోను తెరిస్తే ఏమీ రాదు. పెరుగన్నంలో చేయి పెట్టి, తల ఎత్తకుండా, ఒక్క ఊపున చెప్పేశాను.

“అంటే మనింట్లో చేసిన పులుసు గురించి ఊరోళ్ళంతా చదవతా ఉండారా?” అంది అమ్మ ముందుగా. తర్వాత అసలు సంగతికి వచ్చింది. “ఊరూ పేరూ తెలీని ఆమె కోసరం, పాలు పొంగించినింట్లోంచి సామాను ఎనక్కి తీసకపోతానంటావా? బాగుండాదిమే.”

మాలో అది పెద్ద తప్పే. పాలు పొంగాక లోపలికి వచ్చిన వస్తువు మళ్ళీ పాతింటి గడప తొక్కకూడదు. నాన్న అన్నం కలుపుతూనే, ఆమెకు తోడు ఎవరున్నారని అడిగాడు. కూతురొకతే అన్నాను. అందరమూ అవ్వ వైపు చూశాము. ఆమె నోట్లో వక్క వేసుకుంటూ నన్ను అడిగింది.

“మాట ఇస్తివా?”

“ఇచ్చినానవ్వా.”

“సామాను ఎనక్కి పోగూడదు, నిజమే. కానీ ఇంట్లోవాళ్ళు రోగం మనిషిని చూసేదానికి పోయొస్తారు గదా, అట్ట ఇది కూడా పోయొస్తాది. దాంతో నేను పోతా. ఆడ నువ్వు లేనప్పుడు దాన్నెవురు చూస్తారు?”

పోతానని మాత్రం అనకూడదట, పోయొస్తానని చెప్పి గడప దాటాలట. దానికి నోరు లేదు గదత్తా అంది అమ్మ. నోరుండేది పాప, పాప చెప్తాది అంది అవ్వ. కొత్త వీధిలో కొత్త మనుషులు కిటికీల్లోంచి చూస్తుండగా, కంప్యూటర్ పెట్టె చంకన పెట్టుకుని, గడప మీద నిలబడి, పోయొస్తామని గట్టిగా చెప్పాను. అవ్వ ఆటో ఎక్కుతుంటే అమ్మ ఊరుకోలేదు.

“నాకు బాలింత జొరమొస్తే రెండు దినాలు నా కాడ కూర్చోలేదు. ఇప్పుడు డబ్బాకి కాపలా పోతాండారు.”

“నువ్వేమన్నా ఆరిపోయే రకమా,” అంది అవ్వ. అమ్మకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే క్యారియరు తెచ్చి ఆటోలో పెట్టింది.

సాయంత్రం అయిదుకు పాతింట్లో తీగ తగిలించాను. పేజీ తెరుచుకుంది. నోటుబుక్కు కూడా లేకుండా నేరుగా రాసిన మొదటి రోజు అదే.

అక్కడి నుంచి పన్నెండు రోజులు నేనూ అవ్వా ఆ ఇంట్లో ఒక చాప, ఒక పొయ్యి, రెండు గిన్నెలతో ఉన్నాము. సామాను పోయిన ఇల్లు ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది. మాట్లాడితే గోడలు తిరిగి పలికేవి. బీరువా ఉన్నచోట గోడకు పాత రంగు కొత్తగా కనిపించేది. నేను పనికి వెళ్ళాక అవ్వ కంప్యూటర్ పక్కనే గోడకు ఆనుకుని కూర్చునేది. ఒక రోజు ఇంటాయన పంపిన కూలీలు వెనక గోడ పగలగొట్టడానికి డ్రిల్లింగ్ మిషను తెచ్చారట. ఉన్నది ఒకే ప్లగ్గు. అవ్వ ఇవ్వనంది. ఆ సాయంత్రం ఆమే చెప్పింది.

“ఆస్పత్రిలో ఒక మనిషి ప్రాణం దీని మింద పెట్టుకోనుండాది, నీ గోడ ఏడకీ పోదు, వారం పోయినాక రాపో అన్నా. వాళ్ళు దీన్ని ఆస్పత్రి మిషననుకునిరి పాపా. చెప్పులు ఇడిసేసి, గుసగుసగా మాట్లాడుకుంటా పోయిరి. టీ కూడా తెచ్చిచ్చిరి.”

నేను పగలబడి నవ్వాను. ఇది రాస్తాను అవ్వా అన్నాను. రాసినాక చదివి చెప్పు, నేనన్నది నేనన్నట్టే ఉండల్ల అంది. అలా మొదలైంది చదివి వినిపించడం. నా రాత ఇంకొకరి ఎదుట పైకి చదవడం అంతకుముందు ఎన్నడూ లేదు. మొదటి పేరా అయ్యేదాకా నా గొంతు నాకే వినబడలేదు. అవ్వ గట్టిగా చదవమని గదమాయించింది. మధ్యలో ఆపి తప్పులు పట్టేది. పులుసులో మెంతులు వేయలేదు, వేసినట్టు రాస్తివే అనేది. వాళ్ళమ్మ ఈ ఊరికి వచ్చిన కొత్తలో ఉప్పు మూటలు మోసిన సంగతి, నేనెన్నడూ విననిది, ఒక రోజు రాయమని చెప్పింది. ఇంకో రోజు, ఆమెకు గంజి చల్లార్చి తాగమని రాయి, ఉప్పు తక్కువెయ్యమను, కూతురు మింద కోపం చూపించొద్దను, మాట్లాడలేని మనిషికి కోపం ఎక్కువగా వస్తాది అంది. అన్నీ ఆమె అన్నట్టే పెట్టాను. మా ఇంట్లో మాట్లాడే ఆడ, ఈడ లాంటి మాటలను దిద్దకుండా పేజీలో పెట్టడానికి అంతకుముందు సిగ్గుపడేదాన్ని.

అక్క దగ్గర నుంచి మాత్రం ఒక్క అక్షరం లేదు. రోజూ అడుగున అంకె పెరిగేది, అందులో ఆమె ఉన్నారో లేదో తెలియదు. నేను పనిలోంచి రాగానే అవ్వ అడిగేది, ఆమె వచ్చిందా అని. తెలీదవ్వా అనేదాన్ని. సరే, లైటయితే ఉండాది, వచ్చేదుంటే వస్తాది అనేది. ఏడో రోజో ఎనిమిదో రోజో నాకు భయం వేసింది. ఎవరికోసం రాస్తున్నానో ఆ మనిషి ఉందో లేదో తెలియకుండా నవ్వే మాటలు రాయడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. అయినా మానలేదు. మాట ఇచ్చాను కదా.

పన్నెండో రోజు సాయంత్రం నేను ఇంటికి వచ్చి పేజీ తెరిస్తే అక్క రాసిన నాలుగు వరుసలు ఉన్నాయి. అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని చదివాను. ఇంటికి వచ్చేశాను, చేతికి సూదులు ఉండి రాయలేకపోయాను, రోజూ చదివాను. అవ్వ చెప్పినట్టే గంజి తాగాను, అమ్మాయి మీద కోపం మాత్రం ఆపుకోలేకపోయాను, అవ్వకు చెప్పు. గురువారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీ పేజీ తెరుచుకోలేదు. ఆ రోజు నేను భయపడ్డది ఆపరేషన్‌కు కాదు, నీకేమైందోనని.

అవ్వ ఆ చివరి మాట మళ్ళీ చదవమంది. నేను చదవలేకపోయాను. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని, గురువారం నేను దాన్ని పీకితి గదా, తప్పు నాదని రాయి అంది. రాశాను.

మర్నాడే మాధవరంలో తీగ వచ్చిందని నాన్న ఫోను చేశాడు. అవ్వ కంప్యూటర్‌ను ఒడిలో పెట్టుకుని, ఈసారి వచ్చినామని చెప్పి కొత్తింటి గడప దాటింది. ఆ తర్వాత నాలుగేళ్ళు, తను మంచం పట్టేదాకా, నా రాతలన్నీ ముందుగా విన్నది ఆమే. ఆమె చనిపోయిన ఏడాదే ఆ కంప్యూటర్ కూడా మొరాయించింది. అందరిలాగే నేనూ బయట చోటు తీసుకుని వెబ్‌సైటును అక్కడికి మార్చేశాను. అది ఏ దేశంలో, ఏ గదిలో ఉందో నాకు తెలియదు. అక్కడ కరెంటు పోదట. పోయినా ఎవరూ మీట నొక్కనక్కర్లేదట. ఆ అక్క ఇంకొన్నాళ్ళు రాశారు, తర్వాత రాయడం తగ్గింది, ఒక ఏడాది నుంచి అసలు లేదు. పేరు అడగడానికి ఎప్పుడూ నోరు రాలేదు. ఇప్పుడు అడగడానికి మనిషి లేదు.

ఇప్పటికీ రాస్తూనే ఉన్నాను. అడుగున అంకె మునుపటికన్నా చాలా పెద్దది. పేజీ పగలూ రాత్రీ తెరిచే ఉంటుంది, పదేళ్ళ కిందటి ఆ గురువారం లాంటి రోజు మళ్ళీ రాలేదు. అప్పుడప్పుడు మాత్రం ఒక పాడు ఆలోచన వస్తుంది. ఒక్క రోజు దాన్ని నేనే ఆపేసి చూద్దామా, నిన్న తెరుచుకోలేదేం తల్లీ అని ఎవరైనా అడుగుతారేమో అని. ఇంతవరకూ ఆ ధైర్యం చేయలేదు.